కోట్ల గది

పదకొండు చలికాలాలు
సంగీతాన్ని నేను కోట్లని బట్టే అంచనా కట్టాను.

రీగాలో, నదికి ఇవతలి ఒడ్డున,
పాత కచేరీ భవనం మెట్ల కింద నా గది.
మూడు వందల నలభై ఇత్తడి కొక్కేలు,
మూడు వందల నలభై బిళ్ళలు.
రెండు వందల పదహారు ఎవరో పట్టుకుపోయారు,
దాని బదులు ఎర్ర బొత్తాం ఇస్తాను.

గంట మోగుతుంది. తలుపులు మూసుకుంటాయి.
ఇక నాకు మిగిలేది గోడ.
గోడ అవతల సంగీతం
పక్కింటివాళ్ళ కాపురంలా వినపడేది:
గొంతులు తెలుస్తాయి, మాటలు తెలియవు.
పెద్ద డ్రమ్ములు మాత్రం
నేలలోంచి పాకి నా కుర్చీ కాళ్ళెక్కేవి.
నేను ఎవరిదో ఊడిన గుండీ కుడుతూ ఉండేదాన్ని.
టీ చల్లారిపోయేది.

కోట్లు మాత్రం అబద్ధం చెప్పవు.
కొన్ని రాత్రులు జనం ఎగబడి లాక్కుంటారు,
ట్రాము వేళ గురించీ, మోకాలి నొప్పి గురించీ మాట్లాడుకుంటూ.
ఆ రోజు లోపల ఏమీ జరగలేదని అర్థం.
ఇంకొన్ని రాత్రులు
బిళ్ళ చేతికిచ్చి, ఎందుకొచ్చారో మరిచి నిలబడతారు.
పళ్ళ డాక్టరొకాయన ఎడమ చెయ్యి కుడి తొడుగులో దూర్చి
అలాగే ఉండిపోయాడు.
ఒకావిడ తన కోటునే చూసి
"ఇది నాది కాదేమో" అంది.
ఏం వాయించారండీ అని అడగాలంటే
నాకు నామోషీ.

ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది.
ట్రాములు ఆగిపోయాయి. నలభై ఒక్క కోట్లే.
గేటు దగ్గర తాలిస్ అన్నాడు:
"కోట్లు లేచి నడిచిపోవులే వెల్గా, వెళ్ళి కూర్చో."

ఏడో వరసలో, ఏప్రన్‌తోనే కూర్చున్నాను.
సన్నటి నల్ల గొట్టంలోంచి ఒకమ్మాయి ఒక స్వరం తీసింది.
అందరూ దాన్ని అందుకున్నారు,
ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించుకున్నట్టు.
గది నిండిపోయింది.
చప్పట్లు కొట్టబోయాను.
పక్కన పెద్దాయన చెవిలో చెప్పాడు:
"ఇంకా మొదలవలేదమ్మా. శ్రుతి కలుపుకుంటున్నారు."

మొదలవకముందే ఇంత ఉంటుందా!

తర్వాత చాలా జరిగింది. అంతా చెప్పలేను.
వయొలిన్ల కమానులన్నీ ఒక్కసారే పైకి లేచేవి,
గాలి తగిలిన వరిచేనులా.
నా కళ్ళు మాత్రం వెనక వరసలో ఓయార్స్ మీదే.
నాకతని కోటు తెలుసు. ఎనభై ఎనిమిది, అస్తరు చిరిగింది.
ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి నా దగ్గరే పడేసి పరిగెడతాడు.
చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలతో లెక్కపెడుతున్నాడు.
అరగంట. ఒక్క చప్పుడు చెయ్యలేదు.
జీతం దేనికిస్తున్నారో అనుకున్నాను,
నాకిచ్చేదీ ఊరికే కూర్చున్నందుకేనని గుర్తొచ్చేదాకా.

అప్పుడు లేచాడు.
ఇనుప ట్రయాంగిల్ మొహం ఎత్తుకి పట్టుకుని
ఒక్కటంటే ఒక్క దెబ్బ.
కూర్చున్నాడు.

ఆ చప్పుడు నేనెన్నడూ వినలేదు.
పదకొండేళ్ళుగా గోడ పెద్దవాటినే పంపించింది.
చిన్నవి అవతలే ఉండిపోయాయి.

నిజం చెప్పొద్దూ, ఆ తర్వాత కాస్త కునుకు పట్టింది.
లోపల వెచ్చగా ఉంది మరి.

అందరూ వెళ్ళాక ఓయార్స్ వచ్చాడు.
"అస్తరు కుట్టిస్తాను, కోటు వదిలెయ్" అన్నాను.
"ఈ తుఫానులోనా?" అని నవ్వాడు.
"నీది విన్నాను" అన్నాను.
మొహం ఎర్రబడింది.
"రెండోది కాస్త ముందు పడింది, కదూ?"

రెండోది కూడా ఉందా?

శుక్రవారం, గంట మోగాక,
ఎవరో మరిచిపోయిన చేతితొడుగు ఒకటి
తలుపు రెక్కల మధ్య ఇరికించాను.